సరిహద్దు ఊళ్లలో వృద్ధాప్యం: ఆయుష్షు పెరిగింది, ఆసరా పెరగలేదు

పాతపట్నం, పర్లాకిమిడి రెండూ మహేంద్రతనయ నది నీళ్లతో బతికే ఊళ్లే. ఒకటి శ్రీకాకుళం జిల్లా, ఇంకోటి ఒడిశాలోని గజపతి జిల్లా. మధ్యలో ఆటో దూరం. ఒకే ఇంట్లో పుట్టిన అక్కచెల్లెళ్లలో ఒకరిని అటు, ఒకరిని ఇటు ఇచ్చిన కుటుంబాలు ఇక్కడ కోకొల్లలు. డెబ్బై దాటాక ఇద్దరికీ అవే మోకాళ్ల నొప్పులు, అదే బీపీ మాత్ర. అక్కకు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2024 జులై నుంచి నెలకు 4,000 రూపాయల పింఛను ఇంటికి తెచ్చి ఇస్తోంది. చెల్లెలికి ఒడిశాలో మధుబాబు పెన్షన్ యోజన కింద వచ్చేది 1,000. మందుల షాపులో మాత్రం ఇద్దరికీ ఒకటే రేటు.

ఎనభై నిండితే ఒడిశాలోనూ 2025 నుంచి 3,500 ఇస్తున్నారు. మంచి నిర్ణయమే. కానీ ఎనభై నిండినట్టు రుజువేది? ఈ తరంలో చాలామందికి పుట్టినరోజు తెలియదు. ఆధార్ తీసినరోజు ఎదురుగా కూర్చున్న కుర్రాడు ముఖం చూసి వేసిన అంకే వాళ్ల వయసు. అతను ఐదేళ్లు తక్కువ వేశాడనుకోండి, ఐదేళ్లపాటు నెలకు 2,500 చొప్పున లక్షన్నర పోయినట్టే. ఆ డబ్బు ఏ వయసులో పోతోందో చూడండి. పనిచేసి సంపాదించే ఓపిక పూర్తిగా ఉడిగిపోయిన వయసులో.

ఒడిశా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడింది 1936 ఏప్రిల్ 1న. తొంభై దాటి ఇంకా అరుగుల మీద కూర్చుంటున్న పెద్దలు ఆ సరిహద్దు గీత కన్నా ముందు, మద్రాసు ప్రెసిడెన్సీలో పుట్టినవాళ్లు. పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, బరంపురం ప్రాంతాల తెలుగువాళ్లు ఆ గీతతో సర్దుకుపోయి బతికారు. ఒడియా నేర్చుకున్నారు, వ్యాపారాలు చేశారు, ఇక్కడి బళ్లలో పాఠాలు చెప్పారు. ఒంట్లో శక్తి ఉన్నన్నాళ్లూ సరిహద్దు పెద్ద అడ్డంకి కాదు. ముసలితనంలోనే అది మనిషి మీద పడుతుంది. ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్నది ఇదే.

స్వాతంత్ర్యం వచ్చిననాటికి మన దేశంలో సగటు ఆయుర్దాయం దాదాపు 32 ఏళ్లు. ఇప్పుడు 70 దగ్గర ఉంది. మశూచి పోయింది, పిల్లలకు టీకాలు వచ్చాయి, కాన్పుల్లో చావులు తగ్గాయి. ఇది ఎంత పెద్ద విజయమో మనం తరచూ మరచిపోతాం. అయితే ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇంకో లెక్క కూడా వేస్తుంది: బతికిన ఏళ్లలో ఆరోగ్యంగా గడిచినవి ఎన్ని? 2019 అంచనా ప్రకారం భారతీయులకు అది సుమారు 60. అంటే దాదాపు పదేళ్లు జబ్బుతోనో, కదల్లేని స్థితిలోనో గడుస్తున్నాయి. దేశంలో అరవై దాటినవారు 2022లో సుమారు 14.9 కోట్లు. 2050 నాటికి 34.7 కోట్లవుతారని ఐక్యరాజ్యసమితి జనాభా నిధి అంచనా. ప్రతి ఐదుగురిలో ఒకరన్నమాట. ఒడిశాలో సంతాన రేటు 1.8కి పడిపోయింది. ఉన్న ఇద్దరు పిల్లల్లో ఒకరు హైదరాబాద్‌లోనో విశాఖలోనో ఉంటారు. గంజాం జిల్లా అయితే సూరత్ మరమగ్గాలకు వెళ్లేవాళ్లకు పుట్టిల్లే. ఊళ్లో మిగిలేది ముసలి ఆలుమగలు, చాలా ఇళ్లలో ఒక్క ముసలమ్మ.

ఆ పదేళ్లనూ వయసు మీద తోసేయడం మనకు అలవాటు. "వయసైపోయింది, అంతే" అంటాం. నిజానికి అందులో చాలా భాగం ఆపగలిగిందే. గుడాఖు తీసుకోండి. పొద్దున్నే చిగుళ్లకు రాసుకునే ఆ పొగాకు ముద్ద లేకపోతే రోజు మొదలుకాని పెద్దలు ఈ ప్రాంతంలో ఎంతోమంది. తీరం వెంబడి పల్లెల్లో చుట్టను నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగిన ఆడవాళ్ల తరం ఇంకా ఉంది. నోటి క్యాన్సర్లు ఎక్కడి నుంచి వస్తున్నాయో వేరే చెప్పాలా? ఇక తిండి. పళ్లు ఊడాక మెత్తటి అన్నం, చారు, ఓ పచ్చడి మెతుకు. పప్పు నమలక్కర్లేకపోయినా గ్యాస్ అని మానేస్తారు. గుడ్డు మనవడికి పెడతారు. కండ కరిగిపోతుంది, కాలు తూలుతుంది, బాత్రూంలో పడతారు, తుంటి విరుగుతుంది. ఆ తర్వాత మంచమే. మాంసకృత్తులు తగినంత తిని, రోజూ పదేపదే కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చునే అలవాటు చేసుకుంటే ఎనభైలో కూడా కాళ్లకు బలం వస్తుంది. ఈ మాట ఆ ముసలమ్మకు తెలుగులో ఎవరు చెప్తున్నారు?

ఆసుపత్రి దగ్గరకు వద్దాం. నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది ఇదే. ఒడిశాలో డాక్టరు ఒడియాలో అడుగుతాడు. అతని తప్పేమీ లేదు. బజారులో ధడాధడా ఒడియా మాట్లాడిన పెద్దాయనే తన ఒంట్లో బాధ చెప్పాల్సి వచ్చేసరికి తడబడతాడు. పక్కన కోడలో, ఇంటర్ చదివే మనవడో నిలబడి చెప్తారు. మోకాళ్ల నొప్పి వాళ్లు చెప్పేస్తారు. రాత్రి మంచం తడిసిపోతోందన్న మాట మనవడి ముందు ఏ మామ్మ నోరు తెరిచి చెప్తుంది? ముట్లుడిగిన ఇన్నేళ్ల తర్వాత రక్తం కనిపించిందన్న సంగతి? బతకాలని లేదన్న మాట? ఆ మూడూ నోరు దాటి రావు. డాక్టరు చీటీ మీద గ్యాస్ మాత్ర, నొప్పి మాత్ర, బలానికో టానిక్ రాస్తాడు. మామ్మ దండం పెట్టి వచ్చేస్తుంది. గర్భసంచి క్యాన్సర్‌ను మొదట్లోనే పట్టుకోగలిగిన రోజు అలా గదిలోంచి బయటికి నడిచి వెళ్లిపోతుంది.

ఈ రెండు భాషల బతుకులో ఒక వరం కూడా ఉందనిపిస్తుంది. హైదరాబాద్ నిమ్స్‌లో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా (మతిమరుపు జబ్బు) రోగులను పరిశీలించి 2013లో ఫలితాలు ప్రకటించింది. ఒకటికి మించి భాషలు వచ్చినవాళ్లలో జబ్బు సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైందని తేలింది. చదువు రానివాళ్లలోనూ ఆ తేడా కనిపించింది. తర్వాతి పరిశోధనలన్నీ ఇలాగే చెప్పలేదు, దీనిమీద వాదన ఇంకా నడుస్తోంది. అయినా ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా, కొండ మీది సంతలో సవర మాటలు కలిపి బతికిన మనుషుల మెదడు మీద ఇలాంటి అధ్యయనం బరంపురంలో జరగాల్సిన అవసరం ఎంతైనా ఉంది.

మన దేశంలో అరవై దాటినవారిలో వందకు ఏడుగురికి పైగా డిమెన్షియా ఉందని ఒక జాతీయ అధ్యయనం అంచనా వేసింది. ఆ జబ్బు ముదిరినకొద్దీ చాలామందిలో తర్వాత నేర్చుకున్న భాష ముందు జారిపోతుంది, అమ్మ భాష మిగులుతుంది. అలాంటి మనిషిని ఒడియాలో తేదీ అడిగి, కూడికలు చేయించి, చెప్పలేకపోతే జబ్బు ముదిరిందని రాస్తే అది పరీక్షే కాదు. భారత వైద్య పరిశోధన మండలి తయారుచేయించిన జ్ఞాపకశక్తి పరీక్ష ఐదు భారతీయ భాషల్లో ఉంది, వాటిలో తెలుగు ఒకటి. బరంపురంలో 1962 నుంచి ఎంకేసీజీ మెడికల్ కాలేజీ ఉంది. ఆ పరీక్షను అక్కడ వాడటానికి కొత్తగా కట్టాల్సిన భవనమేమీ లేదు. తెలుగు వచ్చిన ఒక నర్సును ఆ గదిలో కూర్చోబెట్టాలి.

2024లో లాన్సెట్ అనే వైద్య పత్రిక వేసిన నిపుణుల కమిషన్ ఇంకో ముఖ్యమైన మాట చెప్పింది. 14 కారణాలను సరిదిద్దితే డిమెన్షియా కేసుల్లో దాదాపు 45 శాతం రాకుండానో, ఆలస్యంగా వచ్చేలాగానో చేయొచ్చట. ఆ జాబితాలో వినికిడి లోపం, సరిచేయని చూపు, బీపీ, షుగర్, పొగ, ఒంటరితనం ఉన్నాయి. అన్నీ మన వీధిలో కనిపించేవే. చెవి వినపడని తాతను ఇంట్లోవాళ్లు రెండుసార్లు పిలిచి మానేస్తారు. తాత టీవీ ముందు ఒక్కడే అయిపోతాడు. మనవళ్లు ఒడియా లేదా ఇంగ్లీషు మీడియం, తెలుగు బడులు ఒక్కొక్కటిగా పలచబడుతున్నాయి. వినికిడి యంత్రం కొనిచ్చినా దాంట్లో వినడానికి తెలుగు మాట ఇంట్లో తగ్గిపోతోంది.

ప్రభుత్వాలు ఏమీ చేయడం లేదని అనను. 2024 అక్టోబరు నుంచి ఆయుష్మాన్ భారత్‌ను డెబ్బై దాటిన అందరికీ విస్తరించారు, 2025లో ఒడిశా కూడా ఆ పథకంలో చేరింది. పర్లాకిమిడి మనిషి ఆ కార్డుతో శ్రీకాకుళంలోనో విశాఖలోనో జాబితాలోని ఆసుపత్రిలో చేరొచ్చు. పెద్ద జబ్బుకు ఎప్పటినుంచో విశాఖే దిక్కైన ప్రాంతానికి ఇది చాలా మేలు. కాకపోతే అది ఆసుపత్రిలో మంచమెక్కితేనే పనికొస్తుంది. నెలనెలా బీపీ, షుగర్ మాత్రలకు, కళ్లజోడుకు, కట్టుడు పళ్లకు కాదు. కళ్లజోళ్లు, కట్టుడు పళ్లు, వినికిడి యంత్రాలు ఇచ్చే రాష్ట్రీయ వయోశ్రీ యోజన 2017లో నెల్లూరులో మొదలైంది. అది ఎప్పుడో పెట్టే శిబిరంలా కాకుండా ప్రతి బ్లాకు ఆసుపత్రిలో రోజూ దొరికే సేవ కావాలి.

పిల్లలే చూసుకోవాలనేవారికి 2007 నాటి తల్లిదండ్రుల పోషణ చట్టం ఉండనే ఉంది. నెలకు పదివేల వరకు భత్యం ఇప్పించొచ్చు. సూరత్‌లో మగ్గం మీద పన్నెండు గంటలు నిలబడే కొడుకు మీద ఏ తల్లి కేసు వేస్తుంది?

పింఛను కోసం మనిషి ఎంత నడవాలన్నది కూడా ఆరోగ్యం లెక్కే. 2023 ఏప్రిల్‌లో నవరంగపూర్ జిల్లాలో డెబ్బై ఏళ్ల అవ్వ విరిగిన కుర్చీని ఊతగా పట్టుకుని, ఎండలో చెప్పుల్లేకుండా బ్యాంకుకు నడిచిన వీడియో దేశమంతా చూసింది. వేలిముద్ర సరిపోలక ఆమెకు డబ్బు అందలేదు. జీవితమంతా మట్టిపనో నేతపనో చేసిన వేళ్లకు గీతలు ఎక్కడుంటాయి? ఇక కొరాపుట్ జిల్లాలో రెండు రాష్ట్రాలూ మావంటే మావనే కొటియా గ్రామాల్లో రెండువైపులా కార్డులున్న పెద్దలున్నారు. ప్రభుత్వాలు తలుచుకుంటే కొండ మీదికి కూడా వెళ్లగలవని అక్కడ తెలుస్తుంది.

ఇప్పుడు భర్త పోయి ఒంటరైన పర్లాకిమిడి అమ్మను శ్రీకాకుళంలోని కూతురు తనతో ఉండమంటుంది. అమ్మ వెళ్లదు. పేరు ఇక్కడి పంచాయతీ జాబితాలో ఉంది. తనిఖీకి వచ్చినప్పుడు మనిషి లేకపోతే పేరు కొట్టేస్తారని భయం. అక్కడ కొత్తగా పింఛను రావాలంటే ఆ రాష్ట్రపు కార్డులన్నీ మళ్లీ మొదలు. అందుకని వెయ్యి రూపాయల కోసం, చుట్టుపక్కల ఎవరూ లేని ఇంట్లో ఒక్కతే ఉంటుంది. రేషన్ కార్డు దేశంలో ఎక్కడైనా చెల్లేలా 2022 నాటికి అన్ని రాష్ట్రాలూ కలిసి చేయగలిగాయి. పింఛనుకూ అదే పద్ధతి పెట్టొచ్చు. దాదాపు రెండు దశాబ్దాలుగా కదలని కేంద్రం వాటా 200 రూపాయలను ముందు గౌరవంగా బతకగలిగేంత చేయాలి, దాన్ని మనిషితోపాటు కదిలేలా చేయాలి, రాష్ట్రాలు తమ వంతు దానిమీద కలపాలి. ఆ రోజు పర్లాకిమిడి అమ్మ కూతురింటికి వెళ్లడానికి ఏ ఆఫీసు అనుమతీ అడగక్కర్లేదు.