పంది బ్యాగ్‌పైప్ వాయిస్తే పరమార్థం ఎందుకు సార్?

ఇంగ్లండ్ పాత చర్చిల గురించి ఏ వీడియో చూసినా ఏ గైడ్ వెనకాల తిరిగినా ఒక మాట మాత్రం తప్పదు, "ఇది సింబాలిక్ అండీ" అని. కుందేలు సింబాలిక్, నక్క సింబాలిక్, కోతి సింబాలిక్. రిపన్ కెథీడ్రల్‌లో చెక్కమీద చెక్కిన ఓ పంది బ్యాగ్‌పైప్ వాయిస్తుంటే పంది పిల్లలు డాన్సాడుతుంటాయి, అది కూడా కామం మీదా తిండిపోతుతనం మీదా గంభీరమైన హెచ్చరికేనంట. ఇంతమంది పెద్దలు చెప్తున్నారు, కాదనడానికి నేనెవణ్ణి.

ఈ బొమ్మలుండే చోటు తెలుసు కదా, మిసెరికార్డ్. మఠాల్లో రాత్రీ పగలూ కలిపి ఎనిమిది సార్లు ప్రార్థన, కీర్తనలు చాలావరకు నిలబడే పాడాలి, ముసలాళ్ళకి కాళ్ళు లాగేస్తాయి. అందుకని సీటు పైకి మడిస్తే దాని అడుగున చిన్న చెక్క దిమ్మ ఉంటుంది, దానిమీద వెనకభాగం ఆనిస్తే చూసేవాళ్ళకి నిలబడ్డట్టే ఉంటుంది (దేవుడికి తెలీదా అంటే, అది ఆయనా వాళ్ళూ చూసుకుంటారు). ఆ దిమ్మ కిందే పందులు, నక్కలు, మొగుణ్ణి బాదే పెళ్ళాలు. మరి హెచ్చరిక చెయ్యాలనుకున్నవాడు దాన్ని తీసుకెళ్ళి కూర్చునే చోటు కింద దాస్తాడా అని అడక్కూడదు, అది కూడా సింబాలిక్.

1489 నుంచి 1494 దాకా రిపన్‌లో ఈ పని నడిచింది. షెడ్డులో మేస్త్రీ కుర్రాణ్ణి పిలిచి ఉంటాడు, ఒరే, ఇవాళ మానవజాతి పతనం చెక్కాలి. ఎలా మేస్త్రీ? పందికి బ్యాగ్‌పైప్ ఇవ్వు. పిల్లలు డాన్సాడాలా? ఆడాల్రా, లేకపోతే పతనం సగంలో ఆగిపోద్ది. ఏంట్రా నవ్వుతున్నావ్? నవ్వట్లేదు మేస్త్రీ, పాపభీతి ఆపుకోలేకపోతున్నా. ఇంకో చెక్క మీద ఏం పెడదాం అంటే, మాంచెస్టర్‌లో చూశాం కదా, అక్కడ వేటగాణ్ణి ఊచకి గుచ్చి కాలుస్తున్న కుందేలు ఉంటుంది... అరెరె, అది 1506 ప్రాంతంలోది, ఇంకా పుట్టలేదు, పోనీలెండి. ఇక అర్ధరాత్రి చలిలో పాపం ఓ పెద్దాయన లేచొచ్చి అదే పంది మీద తన బరువంతా ఆనించి కీర్తన అందుకుంటాడు, పశ్చాత్తాపం వెనకనుంచి లోపలికి ఎక్కుతుందన్నమాట.

లడ్లో చర్చిలో బీరమ్మే ఆవిడ బొమ్మ ఒకటుంది. కొలతలో మోసం చేసిందని ఓ దెయ్యం ఆవిణ్ణి, చేతిలో ఆ మగ్గుతో సహా, భుజాన వేసుకుని నరకానికి మోసుకుపోతుంటే ఇంకోడు చిట్టా చదువుతుంటాడు, ఇంకోడు స్వాగతానికి బ్యాగ్‌పైప్ ఊదుతుంటాడు. ఇదైతే నీతే, ఒప్పుకుంటా, కాకపోతే తక్కువ బీరు పోయించుకుని కడుపు మండిన కస్టమర్ చెప్పిన నీతి. అదే చర్చిలో బిషప్ టోపీ పెట్టుకుని బాతులకి ప్రసంగం చేస్తున్న నక్క కూడా ఉంది. అది బిషప్పుల గురించి కాదంట, దొంగ బోధకుల గురించంట. సరే, మరి టోపీ ఎవరిది?

ఇంతవరకూ సరదాగానే ఉంది గానీ చెస్టర్ కెథీడ్రల్ దగ్గరకొచ్చేసరికి నాకు నవ్వు రాదు. 1380 ప్రాంతంలో చెక్కినవి మొత్తం 48. 1540లో ఎనిమిదో హెన్రీ రాజు మనుషులొచ్చి మఠం మూసేశారు, బొమ్మలు బతికాయి. తర్వాత వందేళ్ళకి రాజుకీ పార్లమెంటుకీ మధ్య జరిగిన సివిల్ వార్‌లో ఊరే ముట్టడిలో పడింది, అప్పుడూ బతికాయి. చివరికి పంతొమ్మిదో శతాబ్దంలో హౌసన్ అనే డీన్, అంటే ఆ చర్చిని కాపాడాల్సిన మనిషే, ఐదు బొమ్మలు బొత్తిగా అసభ్యంగా ఉన్నాయని నాశనం చేయించాడు. దాదాపు ఐదొందల ఏళ్ళు అక్కడ ఎవరికీ అడ్డురాని బొమ్మ ఈయన మర్యాదకి అడ్డొచ్చిందా? ఎవడి సొమ్మని తీయించాడు? ఉలి పట్టినవాడి పేరు కూడా మిగల్లేదు, వాడు మిగిల్చింది ఆ నవ్వొక్కటే, దాన్ని కూడా ఉండనివ్వలేదు దరిద్రులు. ప్రతి పంది తోకకీ పరమార్థం లాగే మేధావులు ఒక్కరన్నా అడ్డం పడి "ఆగండి సార్, ఇది సింబాలిక్" అనలేకపోయారా, ఒక్కసారన్నా ఆ మాట పనికొచ్చేది.

ఇప్పుడు పాతవి 43 ఉన్నాయి. మిగతా ఐదింటి చోట తర్వాత పెట్టినవి ఉన్నాయి, వాటి కింద వెతుక్కోండి మీ సింబాలిజం, తీరిగ్గా.