ఆదిమ చారు గారికి, కాకినాడ నుంచి

మహారాజశ్రీ ఆదిమ చారు గారి సముఖానికి,

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టడం మా పద్ధతి. నీ విషయంలో కుదరదు. మేం కుశలమే, నువ్వే లేవు. భూమ్మీద తొలి ప్రాణం పుట్టిందంటారే, ఆ రసాయనాల చారువి నువ్వు. నీలోంచి పుట్టినవాళ్ళమే నిన్ను చివరి చుక్క వరకూ జుర్రేసి గిన్నె నాకేశాం. ఇది నేను నోటికొచ్చినట్టు అంటున్నది కాదు తల్లీ. 1871 ఫిబ్రవరిలో డార్విన్ తన స్నేహితుడు హుకర్‌కి రాసిన ఉత్తరంలో ఉంది. ఎక్కడో గోరువెచ్చని చిన్న కుంట, అందులో అమ్మోనియా, ఫాస్ఫరస్ లవణాలు, పైనుంచి వెలుతురు, వేడి, కరెంటు. అలాంటి చోట ఓ ప్రొటీన్ పదార్థం తయారైతే ఇవాళ దాన్ని ఏ ప్రాణో వెంటనే మింగేస్తుంది, ప్రాణులే లేని రోజుల్లో ఆ బెడద ఉండదు కదా అన్నాడు. అంటే సాక్ష్యాన్ని నిందితులే తినేశారు. కేసు మాత్రం ఇంకా నడుస్తోంది.

నడిచేది మా ఇంట్లోనే, ఆదివారం భోజనాల దగ్గర. ఒక పక్క మా పెద్దనాన్న, రిటైరైన లెక్కల మాస్టారు. ఎదురుగా మా బావ, సాఫ్ట్‌వేర్. నిన్ను ఎవరో కూర్చుని కాచారని పెద్దనాన్న, నీ అంతట నువ్వే కాగావని బావ. వాళ్ళ మధ్య నా విస్తట్లో చారు చల్లారిపోతోంది. అందుకే నేరుగా నీకే రాస్తున్నాను.

నీకు ఆ పేరు పెట్టింది ఇంగ్లండ్ జీవశాస్త్రవేత్త జె.బి.ఎస్. హాల్డేన్, 1929లో. అంతకు ఐదేళ్ళ ముందే రష్యాలో ఒపారిన్ ఇంచుమించు ఇలాంటి మాటే అన్నాడు గానీ, వంటింటి భాషలో చెప్పింది హాల్డేనే. తొలి సముద్రాల్లో పదార్థాలు పేరుకుని పేరుకుని ‘వేడి పలచని సూపు’ అంత అయ్యాయన్నాడు. సూపుని నేను చారు చేశానని కోపం తెచ్చుకోకు. వేడిగా, పలచగా ఉన్నదాన్ని తెలుగువాడు ఇంకేమంటాడు? పైగా ఆ పెద్దమనిషితో మాకు చుట్టరికం ఉంది. 1957లో ఇంగ్లండ్ వదిలి మన దేశం వచ్చేశాడు, ఇక్కడి పౌరసత్వం తీసుకున్నాడు, 1964 డిసెంబర్ 1న భువనేశ్వర్‌లో పోయాడు. తన దేహాన్ని చదువుకునేవాళ్ళకి ఇచ్చేయమని ముందే చెప్పిపెట్టాడు. అది ఎక్కడికి వచ్చిందనుకున్నావు? మా కాకినాడ రంగరాయ మెడికల్ కాలేజీకి. నీ గురించి అడగాల్సిన మనిషి మా ఊరికే వచ్చాడు, కాకపోతే జవాబు చెప్పే స్థితిలో రాలేదు.

మా పెద్దనాన్న వాదం పాతదే, అయినా ప్రతి వారం కొత్తగా చెబుతారు. “కుండ ఉందంటే కుమ్మరి ఉన్నట్టే కదరా!” పదో శతాబ్దంలో తర్కపండితుడు ఉదయనాచార్యుడు పట్టుకున్న దారి ఇదే. 1802లో ఇంగ్లండ్‌లో విలియం పేలీ కుండ తీసేసి వాచీ పెట్టాడు, అంతే తేడా. ఉదయనుడి కంటే ముందే బౌద్ధుడు ధర్మకీర్తి దీనికో ఎదురు ప్రశ్న వేసి ఉంచాడు: మట్టితో అయిందే కదా అని చీమల పుట్టని కూడా కుమ్మరే చేశాడంటావా? ఈ ప్రశ్న వచ్చినప్పుడల్లా మా పెద్దనాన్న పెరుగు వేయమంటారు.

ఆయన దగ్గర ఇంతకంటే గట్టి బాణం ఇంకొకటి ఉంది. పేరు ఫ్రెడ్ హాయిల్, ఇంగ్లండ్ ఖగోళ శాస్త్రవేత్త. ఈ హాయిల్ భక్తుడేం కాదు. బిగ్ బ్యాంగ్‌ని కూడా నమ్మలేదు, 1949లో బీబీసీ రేడియోలో ఆ పేరు పెట్టింది మాత్రం ఆయనే. ఆయనకొచ్చిన చిక్కేమిటంటే, నక్షత్రాల కడుపులో మూడు హీలియం కేంద్రకాలు కలిసి ఒక కార్బన్ అవ్వాలి, లెక్క చూస్తే చాలినంత అవ్వడం లేదు. కానీ లోకంలో కార్బన్ బోలెడంత ఉంది, మన ఒంట్లోనూ ఉంది. కాబట్టి కార్బన్ కేంద్రకంలో దాదాపు 7.7 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర ఒక శక్తి మెట్టు ఉండి తీరాలి, వెతకండి అని 1953లో అమెరికాలోని కాల్‌టెక్ విద్యాసంస్థ వాళ్ళ వెంటపడ్డాడు. వాళ్ళు వెతికారు. ఉంది! విస్తరి ముందు కూర్చున్నవాడు, తన కడుపు నిండిందన్న ఒక్క సాక్ష్యంతో, వంటింట్లో ఫలానా అరలో ఫలానా డబ్బా ఉండాలని చెప్పడం, వెళ్ళి చూస్తే నిజంగానే ఉండటం. నాకైతే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది. ఎవరో మహా మేధావి భౌతికశాస్త్రంలో వేలు పెట్టినట్టుంది అని హాయిలే తర్వాత రోజుల్లో రాశాడు. ఆ మాట చెప్పేటప్పుడు పెద్దనాన్న చెయ్యి కడుక్కోవడం కూడా మర్చిపోతారు. ఆ మెట్టు కాస్త అటూ ఇటూ జరిగినా కార్బన్ తయారవుతూనే ఉంటుందని తర్వాత వచ్చిన లెక్కల సంగతి కూడా మర్చిపోతారు.

హాయిల్ అక్కడితో ఆగితే బాగుండేది. ప్రాణం దానంతటదే పుట్టడమంటే తుక్కు సామాన్ల మీద సుడిగాలి వీచి బోయింగ్ 747 తయారవడం లాంటిదే అన్నాడు. రెండు వేల ఎంజైములు గుడ్డిగా కుదరడానికి, 1 పక్కన 40,000 సున్నాలు పెట్టి, అందులో ఒక వంతు అవకాశం అని లెక్క కట్టాడు. లెక్క సంగతి సరే, ప్రశ్నే వంకర. చింతపండు, మిరియాలు, ఇంగువ, కరివేపాకు అన్నీ గాల్లోకి ఎగరేసి, పోపుతో సహా ఒకేసారి గిన్నెలో పడే అవకాశం ఎంత అని అడిగితే ఏం చెబుతాం? వంట అలా అయిందని ఎవరన్నారు?

మా బావ తక్కువ తిన్నాడనుకోకు. ఆయన దగ్గర అన్ని రోగాలకీ ఒకటే మందు, టైమ్. “కోట్ల ఏళ్ళు ఇస్తే ఏదైనా అవుతుంది బావా” అంటాడు. భూమి వయసు దాదాపు 454 కోట్ల ఏళ్ళు, నిజమే. టైమ్ ఒక్కటే చాలితే మా ఫ్రిజ్‌లో పోయిన నెల నుంచి ఉన్న సాంబారు ఈపాటికి లేచి నడవాలి. (సూచనలు లేకపోలేదు, అది వేరే విషయం.) మరీ ఇరుకున పడితే విశ్వాల సంఖ్య పెంచేస్తాడు. స్ట్రింగ్ సిద్ధాంతంలో 1 పక్కన 500 సున్నాలన్ని రకాల విశ్వాలకి చోటుంది, అన్ని టికెట్లు అమ్మితే లాటరీ ఎవరికో ఒకరికి తగలదా అని. ఆ టికెట్లు ఎవరు అచ్చేశారురా అని పెద్దనాన్న అడగ్గానే బావకీ పెరుగు కావాలి.

ఈ తగవు ఇద్దరూ కొత్తగా కనిపెట్టిందేమీ కాదు. శ్వేతాశ్వతరోపనిషత్తు మొదట్లోనే ఓ చిట్టా ఉంది: కాలం, స్వభావం, నియతి (విధి), యదృచ్ఛ (అనుకోకుండా జరగడం), పంచభూతాలు, పురుషుడు, వీటిలో కారణం ఏది అని. ఉపనిషత్తు చివరికి దేవుడి శక్తి వైపే మొగ్గుతుంది, అది పెద్దనాన్నకి బలం. బావ కాలాన్నీ యదృచ్ఛనీ జేబులో వేసుకున్నాడు. ‘స్వభావం’ అన్న రెండో పేరుని మాత్రం ఇద్దరూ కరివేపాకులా తీసి విస్తరి అంచున పెట్టేశారు. నాకేమో అందులోనే నీ వాసన వస్తోంది.

1952లో షికాగో విశ్వవిద్యాలయంలో స్టాన్లీ మిల్లర్ అని 22 ఏళ్ళ కుర్రాడు, హెరాల్డ్ యూరీ శిష్యుడు, నిన్ను మళ్ళీ కాయబోయాడు గుర్తుందా? రెండు గాజు బుడ్లు. చిన్న బుడ్డిలో నీళ్ళు సలసల కాగుతున్నాయి, అది సముద్రం. పెద్ద బుడ్డిలో మీథేన్, అమ్మోనియా, హైడ్రోజన్, అది ఆకాశం. అందులో రెండు కడ్డీల మధ్య చిటపటలాడే రవ్వలు, అవి మెరుపులు. ఆవిరి పైకి పోతుంది, రవ్వల్లోంచి దాటుతుంది, చల్లబడి కిందికి కారుతుంది, మళ్ళీ కాగుతుంది. మర్నాటికి నీళ్ళు గులాబీ రంగుకి తిరిగాయి. వారం అయ్యేసరికి చిక్కటి ఎరుపు, మడ్డిగా, అచ్చం నేను మొదటిసారి పెట్టిన టమాటా చారులాగే. తీసి చూస్తే గ్లైసిన్, అలనిన్. ప్రొటీన్లకి ఇటుకల్లాంటి అమైనో ఆమ్లాలు! ఆ అణువుల్ని ఎవరూ పట్టుకుని అతికించలేదు, అలాగని పాచికలూ వేయలేదు. ఆ వాయువులకి రవ్వ తగిలితే వచ్చేది అదే, ఎన్నిసార్లు చేసినా వస్తుంది. అది వాటి స్వభావం.

“బుడ్డి కొన్నదెవరు? స్విచ్ వేసిందెవరు?” అని పెద్దనాన్న. కాదనలేం. పైగా తొలినాళ్ళ గాలిలో అంత మీథేన్, అమ్మోనియా ఉండకపోవచ్చని, ఎక్కువగా కార్బన్ డయాక్సైడ్, నైట్రోజన్ ఉండేవని భూరసాయన శాస్త్రవేత్తలు తర్వాత నస పెట్టారు. ఆ సరుకులతో చారు బాగా పలచన. 2007లో మిల్లర్ పోయాక, ఆయన దాచిన 1950ల నాటి సీసాల్ని శిష్యుడు జెఫ్రీ బాడా బృందం కొత్త యంత్రాలకి ఎక్కిస్తే, ఒక ప్రయోగపు సరుకులోనే 22 అమైనో ఆమ్లాలు తేలాయి. మా ఇళ్ళల్లో ఆవకాయ జాడీ కూడా అంతకాలం ఉంచం. 2021లో ఇంకో సంగతి బయటపడింది. అదే వంట టెఫ్లాన్ గిన్నెలో చేస్తే సరుకు తగ్గింది, గాజులో పెరిగింది. కాగే క్షారపు నీళ్ళకి గాజు కొంచెం కరిగి తనూ ఓ చెయ్యి వేసిందట. సత్తు గిన్నెలో కాచిన చారు రుచే వేరని మా నాయనమ్మ అంటే చాదస్తం అనుకున్నాం.

నాయనమ్మ అంటే గుర్తొచ్చింది, నీ మీద నాకో ఫిర్యాదు. నువ్వు ఎడమ చేత్తో వడ్డించావు. గ్లైసిన్ తప్పిస్తే మా ప్రొటీన్లలోని అమైనో ఆమ్లాలన్నిటికీ ఎడమ చెయ్యి, కుడి చెయ్యి లాంటి రెండేసి రూపాలుంటాయి. మిల్లర్ గిన్నెలో రెండూ సమానంగా వచ్చాయి. 2023 సెప్టెంబర్‌లో బెన్ను గ్రహశకలం నుంచి 121.6 గ్రాముల మట్టి దిగింది. జీవం వాడుకునే 20 అమైనో ఆమ్లాల్లో 14, డీఎన్ఏ ఆర్ఎన్ఏలకి కావలసిన అక్షరాలు ఐదుకి ఐదూ అందులో ఉన్నాయని 2025 జనవరిలో తేల్చారు. అక్కడ కూడా ఎడమా కుడీ ఇంచుమించు సమానమే. మా ఒంట్లో ప్రొటీన్లు చూస్తే దాదాపు అంతా ఎడమే. ఎందుకమ్మా? ఎవరో ఎడమచేతివాటం వంటమనిషి అన్నా, బొమ్మాబొరుసా అన్నా, నువ్వు చెప్పనిది మేం మా నోట్లోంచి చెప్పుకున్నట్టే. ఎడమ చేత్తో ముద్దపప్పు వేశారని మా నాయనమ్మ ఒకసారి పెళ్ళి పంక్తిలోంచి లేచొచ్చేసింది. నిన్ను చూసి ఉంటే ఏమయ్యేదో.

అన్నం ఉడికిందో లేదో తెలియడానికి ఒక మెతుకు చాలంటారు. ఆ గిన్నెకైతే చాలు. ఊళ్ళో ఎన్ని పొయ్యిలు వెలిగాయో ఆ మెతుకు ఏం చెబుతుంది? నా విస్తట్లో చారు చల్లార్చే ఇద్దరూ చేస్తున్నది అదే. ఒకే భూమి, ఒకే గిన్నె, అందులోంచి తీసిన ఒకే మెతుకు. దాన్ని చేత్తో పట్టుకుని ‘ఎంత అరుదో’ అని ఒకరు, ‘ఎంత మామూలో’ అని ఒకరు. మెతుకుని నొక్కి చూస్తున్నవాడు కూడా మెతుకే అన్నది ఇంకో తమాషా. ఉడకని గిన్నెలోంచి ఎవరూ నాలాగా ఉత్తరాలు రాయరు. స్వభావం అన్నానే, ఆ స్వభావం అలాగే ఎందుకుంది అని అడిగినా ఇదే గతి. పోల్చి చూడటానికి ఇంకో విశ్వం మా వీధిలో లేదు.

ఇంకో గిన్నె మాత్రం ఉండొచ్చు. గురుగ్రహం చుట్టూ తిరిగే యూరోపా మంచు పెంకు కింద ఉప్పు సముద్రం ఉందని గట్టి నమ్మకం. 2024 అక్టోబర్ 14న బయల్దేరిన నాసా నౌక యూరోపా క్లిప్పర్ 2030 ఏప్రిల్‌కి గురుగ్రహం చేరాలి. అది ప్రాణాన్ని వెతకదు, వంటకి సరుకులున్నాయా లేదా చూసి కబురు పంపుతుంది, అంతే. అయినా పొరుగింటి పుల్లకూర కదా, మా ఇంట్లో అప్పుడే పందెం పడింది. కాకినాడ కాజాలు, రెండు కేజీలు. అక్కడ నీ చెల్లెలెవరైనా కాగుతూ కనిపిస్తే ఎవరు గెలిచినట్టు అని అడిగాను. “చూశావా, ఎక్కడికక్కడ ఏర్పాటు చేశాడు, నేనే” అన్నారు పెద్దనాన్న. “చూశావా, ఎక్కడైనా అదే అయిపోతుంది, నేనే” అన్నాడు బావ. మరి ఏమీ లేకపోతే? “ఒక్క మనకే ఇచ్చాడంటే ఊరికే ఇస్తాడా, నేనే.” “ఎంత యాదృచ్ఛికమో తేలిపోయింది, నేనే.”

డబ్బా నా దగ్గరే ఉంది. 2030 దాకా కాజాలు నిలవుండవు కాబట్టి నిన్న రాత్రే మూత తీశాను. నీ చెల్లెలి జాడేమైనా తెలిస్తే ఒక ముక్క రాసి పడెయ్, మిగతా సగం ఎవరికి ఇవ్వాలో చూసుకుంటాను.

ఇట్లు,
నీ గిన్నెలో ఒక మెతుకు