ఊట సన్నబడితే ఎటు చూడాలి?

లద్దాఖ్‌లో ఊటను ‘చుమిక్’ అంటారు. చు అంటే నీళ్లు, మిక్ అంటే కన్ను. ఏడాదికి సుమారు 100 మిల్లీమీటర్ల వాన పడే చలి ఎడారి అది. లేహ్ పట్టణమే దాదాపు 3,500 మీటర్ల ఎత్తున ఉంది. చుట్టూ చెట్టూ చేమా లేని కొండలు. అక్కడ ఒక ఊరు కనబడిందంటే, మంచు కరిగి వచ్చే వాగో, కొండ పగుళ్లలోంచి ఉబికే ఊటో దగ్గరలో ఉన్నట్టే. ఎవరి చేనుకు ఎప్పుడు నీళ్లు వదలాలో చూసుకోడానికి ఊళ్లోనే ఒకరిని ‘చుర్పోన్’గా పెట్టుకుంటారు. లద్దాఖ్ ఇంజనీరు సోనమ్ వాంగ్‌చుక్ 2013-14 చలికాలంలో మొదలుపెట్టిన మంచు స్తూపాలూ ఈ పొదుపులోంచి పుట్టినవే. చలికాలంలో వృథాగా పోయే నీటిని మంచుకుప్పగా నిలిపితే, విత్తనాలు వేసే వేళకు కరిగి చేలకు అందుతుంది.

విశాఖలో వాన లద్దాఖ్‌కు దాదాపు పదింతలు. అయినా మొన్న మే నెలలో, సింహాచలం కొండల ఊట మాధవధార కింద బిందె పెడితే, నీళ్లు చిటికెనవేలంత సన్నగా పడ్డాయి. బిందె అంచు తడుస్తోందే గానీ నిండదు. ‘మా చిన్నప్పుడు దీని కింద తల పెట్టి నిలబడలేకపోయేవాళ్లం రా’ అంది పక్కనున్న మా పిన్ని.

ఊట బయటపడే చోటు వేరు, నీళ్లు ఇంకే చోటు వేరు. సింహాచలం కొండల్లోని ఖొండలైట్ రాయి బీటలువారి, మెత్తబడి ఉంటుంది. పైన అడవి ఉంటే వాన నిదానంగా ఆ బీటల్లోకి దిగుతుంది. కొండవాలు తొలిచి కాంక్రీటు పరిస్తే అదే వాన గెడ్డల్లో పడి సముద్రానికి పోతుంది. మనం మాత్రం ధార దగ్గర మెట్లు కట్టి, గోడకు రంగులు వేసి, కాపాడామనుకుంటున్నాం. పైన ప్రొక్లెయిన్ తవ్వుతుంటే అది రియల్ ఎస్టేట్ సంగతిలే అని ఊరుకుంటున్నాం. నాకు బాధ కలిగించేది ఇదే.

సిక్కిం ఈ సమస్యను సరైన చోట పట్టుకుంది. 2008లో మొదలైన ‘ధారా వికాస్’ కింద ఊటల ఎగువ వాలుల్లో కందకాలు తవ్వి వాననీటిని ఇంకించారు. ఇక్కడ కూడా సింహాచలం ఊటలైన గంగధార, మాధవధారలకు ఎగువన నీరింకే వాలులను మ్యాపులో గుర్తించి, అక్కడ తవ్వకాలు, బోర్లు ఆపాలి. నెలకోసారి పది లీటర్ల బకెట్ ఎన్ని సెకన్లలో నిండుతోందో రాసి, ఆ లెక్కను ధార పక్కనే బోర్డు మీద పెట్టాలి. దానికి ఒక మనిషి, ఒక గడియారం చాలు. వచ్చే వానాకాలంలోపే మొదలుపెట్టొచ్చు.