సవరణ: ఆయిల్ ఫిల్టర్ బిగింపు గురించి

మొన్న కారు ఆయిల్ మార్చడం గురించి రాస్తూ, డబ్బా ఫిల్టర్‌ని "రెంచీతో గట్టిగా బిగించండి" అన్నాను. అది తప్పు. రెంచీ విప్పడానికే. కొత్త ఫిల్టర్ మూతికి ఉండే రబ్బరు రింగుకి వేలితో కొత్త ఆయిల్ రాసి, చేత్తోనే తిప్పండి. రింగు ఇంజన్‌కి ఆనాక ఇంకో ముప్పావు చుట్టు చాలా ఫిల్టర్లకి సరిపోతుంది. అసలు లెక్క ఫిల్టర్ మీదే ఉంటుంది. అతిగా బిగిస్తే రింగు నలిగి అక్కడే కారుతుంది.

చెప్పడం మరిచింది ఇంకోటుంది. పాత రింగు ఒక్కోసారి ఇంజన్‌కే అతుక్కుపోతుంది. నల్లటి మసిలో కలిసిపోయి కంటికి ఆనదు. గుడ్డతో తుడిచి, వేలితో తడిమి చూడండి. దాని మీదే కొత్తది బిగించారా, స్టార్ట్ చేయగానే ఆయిల్ బుస్సున చిమ్ముతుంది. మా షెడ్డులో ఆ మరక ఇంకా పోలేదు లెండి.