ద్రాక్ష మనది, తోడు ఎవరిది?

బెంగళూరులో వైన్ టేస్టింగ్‌కు వెళ్తే ముందు మట్టి పాఠం వినాలి. నంది కొండల కింద ఎర్రమట్టి, సముద్ర మట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తు, పగలు ఎండ, రాత్రి చల్లగాలి. గ్లాసులోని ప్రతి వాసననూ ఈ నాలుగింటి ఖాతాలోనే రాసేస్తారు. రసాన్ని పులియబెట్టి వైన్‌గా మార్చిన ఈస్ట్ అనే సూక్ష్మజీవి పేరు మాత్రం ఎవరూ ఎత్తరు. పాలు ఏ గేదెవో గంటసేపు చెప్పి, తోడు ఎవరింటి నుంచి తెచ్చారో దాటేసినట్టుంటుంది ఈ వ్యవహారం. ఒకే పాలను రెండిళ్ల తోడుతో పెడితే రెండు రకాల పెరుగు అవుతుందని మన ఇళ్లలో ఎవరికి తెలియదు?

సీసా మీద ద్రాక్ష రకం పక్కనే ఈస్ట్ రకమూ అచ్చు వేయాలి. దానికంటే ముఖ్యంగా, నంది కొండల పేరు చెప్పుకుని అమ్మే వైన్‌కు నంది కొండల ఈస్ట్ ఒక్కటైనా ఉండాలి.

చల్లగా పులియబెట్టిన తెల్ల వైన్‌లో కొట్టొచ్చినట్టు తెలిసే అరటిపండు వాసన సంగతి చూడండి. అది ఐసోఅమైల్ ఎసిటేట్. లీటరుకు 0.03 మిల్లీగ్రాములుంటే చాలు, ముక్కు పట్టేస్తుంది. ద్రాక్షలో అది లేనట్టే లెక్క. ఈస్ట్ కణమే ముందు ఒక ఆల్కహాల్ తయారుచేసుకుని, దానికి ఎసిటేట్ తగిలించి బయటికి వదులుతుంది. ఆ పని చేసే ఎంజైముకు ఆధారమైన ఏటీఎఫ్1 జన్యువు ఒక రకంలో చురుగ్గా ఉంటుంది, ఇంకో రకంలో మందకొడిగా ఉంటుంది.

సావిన్యాన్ బ్లాంక్ అనే తెల్ల ద్రాక్ష కథ ఇంకా రంజుగా ఉంటుంది. దానికి జామకాయ, పంపరపనస వాసన ఇచ్చే గంధక సమ్మేళనాల్లో ముఖ్యమైనది 3ఎంహెచ్. లీటరుకు 60 నానోగ్రాములు దాటితే తెలిసిపోతుంది. ద్రాక్షలో అది సిస్టీన్, గ్లూటాథయాన్ అనే వేరే పదార్థాలకు కట్టేసి ఉంటుంది, అప్పుడు దానికి ఏ వాసనా ఉండదు. ఆ కట్టు కోసేది ఈస్ట్. కోసే కత్తుల్లో ఒకటైన ఐఆర్‌సీ7 జన్యువులో చాలా రకాలకు 38 అక్షరాల ముక్క ఎగిరిపోయి ఉంటుంది, అంటే కత్తి మొద్దుబారిందన్నమాట. మంచి కత్తి ఉన్నా కట్లలో కొద్ది భాగమే తెగుతాయి. ఒకే తోట, ఒకే రోజు కోత అయినా ఒక ట్యాంకులో జామతోట గుబాళిస్తుంది, పక్క ట్యాంకులో ఏమీ ఉండదు. ఇందులో మట్టి చేసిందేమిటి?

నమ్మకం కుదరని వైనరీ ఒకే రసాన్ని 20 లీటర్ల చొప్పున రెండు సీసాల్లో పోసి చూసుకోవచ్చు. ఒక్కోదానికి 1.4 గ్రాముల పొటాషియం మెటాబైసల్ఫైట్ వేస్తే లీటరుకు 40 మిల్లీగ్రాముల సల్ఫర్ డయాక్సైడ్ వస్తుంది, రసంలో ముందే ఉన్న సూక్ష్మజీవులను అది అణచుతుంది. మర్నాడు ప్యాకెట్లలో అమ్మే ఎండు ఈస్ట్‌లు రెండు వేయాలి: ఒకదానికి ఈసీ 1118, రెండోదానికి 71బీ, ఐదేసి గ్రాములు. ఆ ఐదు గ్రాములను 50 మిల్లీలీటర్ల నీళ్లలో 37–40 డిగ్రీల వేడి దగ్గర పావుగంట నాననివ్వాలి. ఎక్కువమంది తప్పటడుగు వేసేది ఆ తర్వాతే. నానిన ఈస్ట్‌ను 15 డిగ్రీల రసంలో ఒక్కసారిగా కుమ్మరిస్తే కణాలు చాలా వరకు చస్తాయి, మిగిలినవి కుంటుతూ నడుస్తాయి. కొంచెం కొంచెం రసం కలుపుతూ తేడాను పది డిగ్రీల లోపుకు తేవాలి. రెండు సీసాలనూ 18 డిగ్రీల దగ్గర ఉంచి, చక్కెర అయిపోయాక వాసన చూడండి. ఈసీ 1118 శుభ్రంగా, చప్పగా ఉంటుంది. 71బీ పళ్లబుట్టలా ఉంటుంది, పులుపూ తగ్గుతుంది, ఎందుకంటే అది మాలిక్ ఆమ్లంలో 20 నుంచి 40 శాతం తినేస్తుంది.

రకం ఎంచుకోగానే పని అయిపోదు, దానికి మేత కావాలి. ఈస్ట్ తినగల నైట్రోజన్ రసంలో లీటరుకు 150 మిల్లీగ్రాములకు తగ్గితే కుళ్లిన కోడిగుడ్డు వాసన, అంటే హైడ్రోజన్ సల్ఫైడ్, మొదలవుతుంది. ఆర్‌సీ 212 లాంటి తిండిపోతు రకమైతే మరీ త్వరగా. ఈ లోటు తీర్చడానికి లీటరుకు 300 మిల్లీగ్రాముల డీఏపీ (డైఅమ్మోనియం ఫాస్ఫేట్) వేస్తే దక్కేది 63 మిల్లీగ్రాముల నైట్రోజనే. దాన్ని కూడా పొంగు మొదలైనప్పుడు సగం, చక్కెర మూడో వంతు కరిగాక సగం వేయాలి. చివర్లో వేస్తే దండగ, ఆల్కహాల్ పెరిగాక కణం దాన్ని లోపలికి తీసుకోలేదు. పోనీలే, వాసన అదే పోతుందని వదిలేస్తే అది మెర్కాప్టన్, ఆపైన డైసల్ఫైడ్ అనే మొండి గంధక సమ్మేళనాలుగా ముదురుతుంది. అప్పుడు కంపు తీయడానికి వాడే కాపర్ సల్ఫేట్ పోసినా పట్టు దొరకదు. ఇన్ని తంటాలు పడ్డాక సీసా వెనక రాసేది మళ్లీ ఎర్రమట్టి గురించే!

ఎప్పుడూ ఈసీ 1118నే వాడతామనే వైన్‌మేకర్ల వాదన తీసిపారేయదగ్గది కాదు. మార్చి ఎండల్లో పదివేల లీటర్ల ట్యాంకులో పులియడం మధ్యలో ఆగిపోతే నష్టం వాళ్లదే. ఈసీ 1118 పది నుంచి ముప్పై డిగ్రీల దాకా పనిచేస్తుంది, 18 శాతం ఆల్కహాల్ దాకా ఓర్చుకుంటుంది, నైట్రోజన్ పెద్దగా అడగదు. పైగా ఎస్టర్ల (అరటిపండు వాసన ఇచ్చేలాంటి సమ్మేళనాల) వాసన ఏడాది తిరిగేసరికి పల్చబడుతుంది, దానికింత హడావిడి ఎందుకంటారు. ఏడాదిలోపే తాగేయడానికి చేసే తెల్ల వైన్ విషయంలో ఈ చివరి మాట నిలబడదు. భద్రత కోసం ఒకే రకాన్ని పట్టుకు వేలాడితే అన్ని ఊళ్ల వైనూ ఒకేలా ఉంటుంది, అప్పుడు ఊరి పేరు చెప్పి ధర పెంచడం మానుకోవాలి.

ఈ ప్రాంతానికి అసలు సిసలు పంట బెంగళూరు బ్లూ ద్రాక్ష. భౌగోళిక గుర్తింపు కూడా తెచ్చుకుంది. చిక్కబళ్లాపురం, దేవనహళ్లి వైపు తెలుగు మాట్లాడే రైతులు ఎందరో పండించే కాయ ఇది. పులుపు గట్టిది, దాని జామ్ లాంటి ఘాటు వాసన కాయలోనే ఉండే మిథైల్ ఆంత్రనిలేట్ అనే సమ్మేళనానిది. ఆ వాసనను ఏ ఈస్టూ తీసేయలేదు, కానీ 71బీ పులుపు దించి, పళ్ల వాసన తోడుచేసి దాన్ని తాగేలా చేయగలదు. ఎండకు పులుపు కోల్పోయే యూరప్ రకాలకు కావలసింది దీనికి సరిగ్గా తలకిందులు. లాకాన్సియా థర్మోటాలరెన్స్ అనే ఈస్ట్ చక్కెరలో కొంత భాగాన్ని లాక్టిక్ ఆమ్లంగా మార్చి పీహెచ్ దించుతుంది, అంటే పులుపు పెంచుతుంది. అది సల్ఫైట్‌ను ఎక్కువ తట్టుకోలేదు, చివరిదాకా లాగలేదు. అందుకే ముందు దాన్ని వేసి, రెండు మూడు రోజులకు మామూలు వైన్ ఈస్ట్ వేస్తారు. పులుపు కోసం సంచులకొద్దీ టార్టారిక్ ఆమ్లం కొనే బదులు ఈ దారి ఎందుకు చూడరో నాకు అర్థం కాదు.

ఇంతకీ ఈ ప్యాకెట్ల పుట్టిల్లు? ఈసీ 1118ది షాంపేన్, 71బీది నార్బోన్, ఆర్‌సీ 212ది బర్గండీ. ఒక్కో ఊరు తన ద్రాక్షకు తగిన ఈస్ట్‌ను ఏరి, పరీక్షించి, ఎండబెట్టి ప్రపంచానికి అమ్ముతోంది. మనమేమో దేశీ వరి విత్తనం కోసం, నాటు ఆవు కోసం ఉద్యమాలు చేస్తాం. తాటిచెట్టు మీద కుండలో కట్టిన కొన్ని గంటలకే నురగలు కక్కే కల్లులో ఏముందో అడగం. జీవ వైవిధ్య చట్టం 2002లో వచ్చింది, అందులో సూక్ష్మజీవులూ జీవ వనరులే. దాన్ని అమలుచేసే జాతీయ జీవ వైవిధ్య ప్రాధికార సంస్థ ఉన్నది ఎక్కడో కాదు, చెన్నైలోనే. ఊరూరా రాసే జీవ వైవిధ్య రిజిస్టర్లలో చెట్టూ పశువూ ఎక్కుతాయి. ఎన్నింటిలో ఒక ఈస్ట్ పేరు ఉంటుంది?

మన ఈస్ట్‌ను మనమే ఏరాలనుకుంటే ఇదేమీ రాకెట్ సైన్స్ కాదు. మచ్చలేని గుత్తులను వైనరీకి చేరాక కాకుండా తోటలోనే తీసుకోవాలి, ఎందుకంటే వైనరీ గొట్టాల్లో, నేలలో పాత ప్యాకెట్ ఈస్టే కాపురం ఉంటుంది, ‘సహజ పులియబెట్టు’ అని చెప్పుకునే ట్యాంకులోనూ తరచూ అదే గెలుస్తుంది. శుభ్రమైన సంచిలో నలిపి పులియనివ్వాలి. మొదటి రోజుల్లో నమూనా తీస్తే హాన్సెనియాస్పోరా లాంటి బలహీనపు జాతులే దొరుకుతాయి. చక్కెర దాదాపు అయిపోయాక తీసినదాంట్లోనే శాకరోమైసిస్, అంటే అసలు వైన్ ఈస్ట్ జాతి, దొరికే అవకాశం ఎక్కువ. కొన్ని సంచుల్లో అసలు పొంగే రాదు, అందుకే ఒక్కో తోట నుంచి పదేసి సంచులు కావాలి. దొరికిన ఈస్ట్ కాలనీలను బిస్మత్ లోహ లవణం కలిపిన అగార్ (సూక్ష్మజీవులను పెంచే జెల్లీ) మీద పెంచితే కోడిగుడ్డు కంపు కొట్టేవి నల్లబడి బయటపడతాయి. అయినా తుది తీర్పు ద్రాక్ష రసంలోనే. గెలిచిన పది పదిహేనింటిని గ్లిసరాల్‌లో కలిపి మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్‌లో పెట్టుకోవచ్చు. అలాంటి ఫ్రీజర్లు బెంగళూరు పరిశోధనశాలల్లో లెక్కలేనన్ని ఉన్నాయి, ఒక్క అర ఖాళీ చేసి ఇస్తే వచ్చే కోతకే పని మొదలుపెట్టవచ్చు.