మందు పేరు రాస్తే తప్పేముంది?

కావలిలో మా అమ్మకు బీపీ, షుగర్ మాత్రలు కొనడానికి నెలనెలా మందుల దుకాణం మెట్లెక్కిన ప్రతిసారీ నా కడుపు మండిపోతోంది. డాక్టరు రాసే చీటీ మీద మెట్‌ఫార్మిన్, ఆమ్లోడిపిన్ అన్న అసలు పేర్లు కాకుండా కంపెనీ పెట్టిన పేర్లే ఎందుకుండాలి? అవే మందులను చవకగా అందించడానికి కేంద్రం 2008లోనే జనఔషధి పథకాన్ని ప్రారంభించింది కదా! ఆ మధ్య చవక మందులమ్మే ఒక దుకాణానికి వెళ్తే, అమ్మ వాడే మూడు మందుల్లో ఒకటి లేదనీ, రెండు వారాలాగి రమ్మనీ అన్నారు. రెండు వారాలు షుగర్ ఆగుతుందా? 2013 నాటి ధరల నియంత్రణ ఉత్తర్వు అత్యావశ్యక మందులకు గరిష్ఠ ధర నిర్ణయిస్తుంది గాని, ఆ జాబితాలో లేని మందుల ధరను ఏటా 10 శాతం దాకా పెంచుకోనిస్తుంది. అమ్మకు వచ్చే వితంతు పింఛను ఏటా అంత పెరుగుతుందా? పొరుగున ఉన్న తమిళనాడు 1990లలోనే ప్రత్యేక సంస్థను పెట్టి, ప్రభుత్వాసుపత్రులన్నింటికీ కావలసిన మందులను టోకున ఒకేచోట కొని తక్కువ ధరకు తెచ్చుకుంటోంది. మన రాష్ట్రంలోనూ అటువంటి సంస్థ ఉన్నప్పుడు, పేదవాడు చీటీ పట్టుకొని బయటి దుకాణానికి ఎందుకు పోవాలి? ధరకు భయపడి అమ్మ రోజు విడిచి రోజు మాత్ర వేసుకుంటోందన్న సంగతి, డబ్బాలో మిగిలినవి లెక్కపెట్టినప్పుడు గాని నాకు తెలియలేదు.