చెరపకురా, చెడేవు!

ఒక స్వరం మీద మరో స్వరం వచ్చి పడినప్పుడు కింద ఉన్నది బతకాలా, చావాలా అన్న ప్రశ్నను మన శాస్త్రకారులు ఎవరూ పట్టించుకోలేదు. భరతుడు పట్టించుకోలేదు. శార్ఙ్గదేవుడూ పట్టించుకోలేదు. చివరికి ఆ భారం పాటలు తయారుచేసే సాఫ్ట్‌వేర్ నెత్తిన పడింది. అదేమో తెర మూలన గోరంత బొత్తాం ఒకటి పెట్టి, నొక్కాలో వద్దో మీరే తేల్చుకోండని తప్పుకుంది. నొక్కితే ఓవర్‌డబ్: పాతది ఉంటుంది, కొత్తది దానితో చేరుతుంది. లేదంటే రీప్లేస్: కొత్తది నడిచిన మేర పాతది తుడిచిపెట్టుకుపోతుంది. ప్రో టూల్స్ అనే సాఫ్ట్‌వేర్‌లో ఈ బొత్తాన్ని మిడి మర్జ్ అంటారు. రీపర్ అనే మరో సాఫ్ట్‌వేర్ వారు ఇంకా లోతుకు వెళ్లి టచ్ రీప్లేస్, లాచ్ రీప్లేస్ అని ఉపశాఖలు కూడా ఏర్పరిచారు. గుడి ఏనుగు నుదుట ఏ నామం పెట్టాలన్న తగువుతో కోర్టు మెట్లెక్కారని చెప్పుకునే కంచికి బస్సు దూరంలోనే ఉంది చెన్నైలోని సాలిగ్రామం. అక్కడి మేడ గదుల్లో ఇలాంటి శాఖాభేదాలు పుట్టడంలో ఆశ్చర్యం లేదు.

ఈ తగవులో నేను ఓవర్‌డబ్ పక్షమని ముందే ప్రకటిస్తున్నాను. ఒక మనిషి పొద్దున లేచి, ఫిల్టర్ కాఫీ తాగి, కీబోర్డు ముందు కూర్చుని కష్టపడి వాయించిన నాలుగు బార్లను (తాళపు కొలతలను) సాయంత్రం అదే మనిషి వచ్చి చెరిపేయడం ఏ ధర్మం? బాగా లేకపోతే మాత్రం? బాగా లేనివాటికి చోటు ఇవ్వకూడదంటే ఈ రంగంలో ఎంతమంది మిగులుతారు?

పూర్వం మద్రాసులో ఈ ప్రశ్నే లేదు. విజయా వాహినీలోనో, ఏవీఎంలోనో, జెమినీలోనో వాద్యబృందమంతా ఒకే హాలులో కూర్చునేది. గాయకుడు ఓ పక్కన నిలబడేవాడు. ఒకటికి రెండుసార్లు మానిటర్ (రిహార్సల్) చూసుకుని టేక్‌కు వెళ్లేవారు. చివరి చరణంలో వెనక వరుస వయొలిన్ ఒక్కటి తడబడినా, తబలా ఆయనకు దగ్గు వచ్చినా, అందరూ పల్లవి నుంచి మళ్లీ మొదలు. ఒకరి తప్పుకు హాలు మొత్తం శిక్ష అనుభవించే ఈ పద్ధతిని ఆనాటి కార్మిక శాఖ ఎలా ఉపేక్షించిందో! ఫలితంగా ప్రతివాడూ తప్పు లేకుండా వాయించడం నేర్చుకోక తప్పలేదు. ఎంత అమానుషం! ఆ ఒత్తిడిలో పుట్టిన పాటలను జనం నేటికీ తెల్లవారుజామున లేచి వింటున్నారంటే, అది జనం బలహీనతే తప్ప ఆ పద్ధతి గొప్పతనం కాదు.

విముక్తి 1983లో వచ్చింది. ఆ జనవరిలో అమెరికాలో జరిగిన నామ్ వాద్యాల ప్రదర్శనలో సీక్వెన్షియల్ సర్క్యూట్స్ వారి ప్రాఫెట్ 600నూ, రోలాండ్ వారి జూపిటర్ 6నూ తీగతో కలిపి, ఒకదాని మీటలు నొక్కితే రెండోది పలకడం చూపించారు. పోటీ కంపెనీల యంత్రాలు ఒకదాని మాట ఒకటి విన్నాయి. ఒకే వీధిలోని రెండు సంగీత సభల కార్యదర్శులకు ఇప్పటికీ చేతకానిది ఇది. ఆ ఒప్పందమే మిడి. దానికి కారకులైన డేవ్ స్మిత్, ఇకుతారో కకెహాషిలకు 2013లో టెక్నికల్ గ్రామీ ఇచ్చారు. ఇక్కడ 1989లో ఏ.ఆర్. రెహమాన్ కోడంబాక్కంలో తన ఇంటి ఆవరణలోనే పంచతన్ రికార్డ్ ఇన్ కట్టుకున్నారు. ఆయన అందులో ఏం చేశారన్నది ప్రపంచానికి తెలుసు. మనవాళ్లు దాని నుంచి గ్రహించింది మాత్రం ఒక్కటే: మేడ మీద గది ఉంటే చాలు.

మిడిలో నమోదయ్యేది ధ్వని కాదు. ఏ మీట నొక్కారు, ఎంత బలంగా నొక్కారు, ఎప్పుడు వదిలారు అన్న సమాచారం. మీటలకు 0 నుంచి 127 దాకా అంకెలు, బలానికీ అంతే. ఒక్కో బీటును 960 ముక్కలు చేసి, మీ వేలు ఏ ముక్కలో పడిందో కూడా చాలా సాఫ్ట్‌వేర్లు రాసి పెట్టుకుంటాయి. అన్నిటికన్నా నాకు నచ్చిన నిబంధన మరొకటి ఉంది. సున్నా బలంతో మొదలైన స్వరాన్ని ముగిసిన స్వరంగా పరిగణించాలని ఆ ప్రమాణంలోనే స్పష్టంగా రాశారు. మన శంకుస్థాపనల గురించి ఇంత సూటిగా రాసిన చట్టం మరొకటి లేదు.

1991లో జనరల్ మిడి పేరిట 128 వాద్యాల పట్టిక ఖాయమైంది. అందులో 105 సితార్, 112 షెహనాయి. వీణ లేదు, నాదస్వరం లేదు. డిసెంబరు వస్తే కచేరీలతో కిటకిటలాడే మైలాపూరును మాటమాత్రంగానైనా అడగలేదన్నమాట. తెలుగు సినిమాను మాత్రం ఎవరో రహస్యంగా సంప్రదించి ఉండాలి. పట్టిక చివర చూడండి: 126 హెలికాప్టర్, 127 చప్పట్లు, 128 తుపాకీ మోత. కథానాయకుడి ప్రవేశానికి కావలసిన మూడూ, కావలసిన వరుసలోనే ఉన్నాయి.

ఇక ఓవర్‌డబ్ మహిమను దగ్గరగా చూద్దాం. మా పై వాటాలో తెనాలి కుర్రవాడు ఒకడు ఉంటాడు. టీవీ సీరియళ్లకు ఆర్‌ఆర్, అంటే నేపథ్య సంగీతం, చేస్తాడు. ఏం చేస్తావని అడిగితే ప్రోగ్రామర్‌నని చెబుతాడు. ఇంటి యజమాని అది ఐటీ ఉద్యోగమనుకుని అద్దె పెంచేశాడు. ఒకనాడు అతను ఒక కన్నీటి ఘట్టానికి తోడి రాగంలో వీణ వాయించే పనిలో ఉన్నాడు. ఎనిమిది బార్ల లూప్ పెట్టాడు. మొదటి చుట్టులో షడ్జమం, పంచమం నొక్కి, మోగిన స్వరాన్ని ఆగకుండా నిలిపే సస్టెయిన్ పెడల్ తొక్కిపట్టాడు, శ్రుతి కోసం. రెండో చుట్టులో, ఓవర్‌డబ్ వెలుగుతుండగా, అదే ట్రాకులో పైన రాగం అందుకున్నాడు. తోడి గాంధారానికి కంపితం లేకపోతే అది తోడి కాదని అతనికి తెలుసు. అందుకని ఎడమ చేత్తో, స్వరాన్ని పైకీ కిందికీ వంచే పిచ్ బెండ్ చక్రాన్ని ఊపాడు. ఆ చక్రానికి 16,384 మెట్లు, నడిమి మెట్టు 8,192. మెట్లకు కొదవ లేదు. చిక్కల్లా ఆ ఊపు ఏ ఒక్క స్వరానికో చెందదు, చానల్ (స్వరాలన్నీ కలిసి నడిచే దారి) మొత్తానికి చెందుతుంది. గాంధారంతో పాటు కింద ఉన్న షడ్జమ పంచమాలు కూడా ఊగడం మొదలుపెట్టాయి. శ్రుతే గమకం వేసింది! త్యాగరాజస్వామి నుంచి నేటి వరకు ఇంతటి సాహసం చేసినవారు లేరు.

అంతలో రాగం ముగింపులో అలవాటుగా పెడల్ తొక్కి వదిలాడు. ఆ వదలడం కూడా నమోదై, మొదటి చుట్టులో తొక్కిపట్టిన శ్రుతి మధ్యలోనే తెగిపోయింది. మూడో చుట్టులో శ్రుతిని మళ్లీ వాయించాడు. ఇప్పుడు ఒకే స్వరం ఒకేచోట రెండుసార్లు పడి, డొల్లగా, గొట్టంలోంచి వచ్చినట్టు పలికింది.

"శ్రుతి కదులుతున్నట్టుంది కదా, నాయనా?" అన్నాను.

"అది మోడర్న్‌గా ఉంటుంది, బాబాయ్. డైరెక్టర్ గారికి నచ్చుతుంది" అన్నాడు.

దీనికి మందు లేకపోలేదు. 2018లో ఖాయమైన ఎంపీఈ (మిడి పాలీఫోనిక్ ఎక్స్‌ప్రెషన్) పద్ధతిలో మోగుతున్న ఒక్కో స్వరానికి ఒక్కో చానల్ ఇస్తారు, ఒకరి వణుకు ఇంకొకరికి అంటదు. అంత దూరం పోనక్కర లేదు, వీణను వేరే ట్రాకులో వాయించినా సరిపోయేది. అదీ కాదంటే ఆ చెడిన చుట్టును ఒక్క క్లిక్కుతో తీసేయవచ్చు. కుర్రవాడు వీటిలో ఏదీ చేయలేదు. చెడిన వీణ మీద స్ట్రింగ్స్ కప్పాడు. స్ట్రింగ్స్ పల్చగా అనిపిస్తే వాటిపై కోరస్, కోరస్ బోసిగా ఉందని గంటలు. ఎనిమిది బార్లలో ఆ కన్నీటి ఘట్టం పెళ్లి పందిరి అయింది. అయినా అట్టడుగున ఆ శ్రుతి ఊగుతూనే ఉంది, నేను మెట్లు దిగుతుంటే కూడా వినిపించింది.

అతన్ని తప్పు పట్టేముందు కిటికీలోంచి కిందికి చూడండి. చెన్నైలో రోడ్లు వేసిన తీరు అంతా ఓవర్‌డబ్బే. పాత తారు మీద కొత్త తారు, దాని మీద ఇంకో తారు. అలా పొరలు పెరిగి పెరిగి, వీధికన్నా ఎత్తుగా కట్టుకున్న ఇళ్లు వీధికన్నా పల్లమయ్యాయి. నవంబరు వాన పడితే నీళ్లు అతిథుల్లా గుమ్మం దిగి లోపలికి వస్తాయి. పాత పొరను గీకి తీశాకే కొత్తది వేయాలని 2021లో రాష్ట్ర ప్రభుత్వ ప్రధాన కార్యదర్శి ఉత్తర్వులిచ్చారు. అంటే ప్రభుత్వం రీప్లేస్ శాఖలో చేరింది. ఓవర్‌డబ్ శాఖవారు మాత్రం ఇప్పటికీ ఇంటి గడపలు ఎత్తు పెంచుకుంటున్నారు. నా మొగ్గు ఎటో చెప్పాను కాబట్టి ఇక్కడ ఎక్కువ మాట్లాడను.

సాఫ్ట్‌వేర్ వారి మరో ఉపకారం గురించి ఒక మాట. రికార్డు బొత్తాం నొక్కకుండా వాయించినా ఇప్పుడు వృథా పోదు. క్యూబేస్‌లో రెట్రోస్పెక్టివ్ రికార్డు ఉంది, ఏబుల్టన్ లైవ్‌లో 2018 నుంచి క్యాప్చర్ ఉంది. మీరు ఊరకే వేళ్లు ఆడించినది కూడా అవి గుర్తుంచుకుని, అడిగితే తీసి ఇస్తాయి. సాధనకూ కచేరీకీ మధ్య ఉన్న గోడ ఇలా కూలింది. మా కుర్రవాడు వేళ్లు సాగడానికి వాయించుకున్న సరళీ స్వరాలు ఆ వారమే సీరియల్‌లో అత్తగారి ప్రవేశానికి పనికివచ్చాయి. అత్తగారికి బాగానే నప్పాయి కూడా.

అయితే ఈ విద్య మొత్తానికి కిరీటం లాంటిది క్వాంటైజ్. బీటుకు అటూ ఇటూగా పడ్డ ప్రతి స్వరాన్నీ తెర మీద దగ్గరలోని తాళపు గీత మీదికి లాగి కూర్చోబెడుతుంది. 100 శాతం అంటే సరిగ్గా గీత మీదే. విన్నవాళ్లు ఇదేమిటి, యంత్రంలా ఉందంటారు. అంటారని ముందే తెలిసి హ్యూమనైజ్ అనే ఇంకో సదుపాయం పెట్టారు. అది గీత మీద కుదురుగా కూర్చున్న స్వరాలను తోచినట్టు కాస్త ముందుకీ వెనక్కీ జరుపుతుంది, బలాలను కాస్త పెంచి తగ్గిస్తుంది. రీపర్‌లో అయితే ఎంత మేరకో మీరే శాతాల్లో చెప్పవచ్చు. లాజిక్ అనే సాఫ్ట్‌వేర్‌లోనూ ఈ సదుపాయం ఉంది. అంటే మొదట మన వేళ్లతో పుట్టిన సొంత తప్పులను ఇచ్చేసి, తరువాత పాచికలు వేసి పరాయి తప్పులు తెచ్చుకుంటాం. ఇది నష్ట బేరమని కొందరు పెద్దలు వాదిస్తారు. వారికి శాతాల విలువ తెలియదు. మునుపు ఒకరి వాయింపులో మనిషితనం ఎంత ఉందో ఎవరూ కొలిచి చెప్పలేకపోయేవారు. ఇప్పుడు 12 అని చెప్పగలం. అవసరమైతే జీఎస్టీ కూడా వేయగలం.

పోయిన నెల ఆ సీరియల్ దర్శకుడు వచ్చి ఒక ముక్క విని, "అన్నీ ఉన్నాయి, ప్రాణం లేదు" అన్నాడు. కుర్రవాడు హ్యూమనైజ్‌ను 20కి పెంచాడు. ఈసారి ప్రాణం ఎక్కువై తాళం తప్పింది. దాంతో అసలు మనిషినే తీసుకురావాలని నిశ్చయించారు. వడపళనిలో ఉండే ఒక వయొలిన్ మాస్టారికి కబురు వెళ్లింది. పెద్ద వాద్యబృందాల్లో వెనక వరుసలో జీవితమంతా వాయించిన మనిషి. ఆటోలో వచ్చారు. చెవులకు హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, అప్పటికే అందులో ఉన్న కీబోర్డు వయొలిన్‌ను కళ్లు మూసుకుని విన్నారు.

"ఇది ఎవరు వాయించారు బాబూ?"

"నేనే మాస్టారూ, కీబోర్డులో."

"బాగానే ఉంది కదా. మరి నేనెందుకు?"

"ఫీల్ కోసం, మాస్టారూ."

మాస్టారు ఒకే టేక్‌లో వాయించేశారు. వాక్యం చివర ఒక స్వరాన్ని వెంటనే వదలకుండా, వెళ్లలేక వెళ్తున్నట్టు కాస్త ఆలస్యంగా వదిలారు. ఇంకో టేక్ ఇవ్వనా అని అడిగితే, "అక్కర్లేదు మాస్టారూ, మిగతాది నేను చూసుకుంటాను" అన్నాడు కుర్రవాడు. ఆయన మెట్లు దిగేలోపే తెర మీద ఆ ఆలస్యం దొరికింది. గీతకు స్పష్టంగా అవతల నిలబడి ఉంది. లాగి గీత మీద పెట్టాడు. మిగతా స్వరాలను కూడా వరుసకు తెచ్చాడు. ఓవర్‌డబ్ ధర్మం ప్రకారం పాత కీబోర్డు వయొలిన్‌ను చెరపకుండా కిందే ఉంచాడు. ఇప్పుడు రెండూ కలిసి బిర్రుగా వినిపించాయి కాబట్టి, కింద ఉన్నదానికి 12 శాతం హ్యూమనైజ్ వేశాడు, మాస్టారి వయొలిన్ శబ్దాన్ని బాగా తగ్గించాడు.

మర్నాడు దర్శకుడు విని చలించిపోయాడు. ఆ చివరి స్వరం దగ్గర గుండె పట్టేసిందన్నాడు.

"వచ్చే ఎపిసోడ్లకు కూడా మాస్టారినే పిలుద్దామా, సార్?"

"ఎందుకయ్యా? ఆయన ఫైలు మన దగ్గరే ఉంది కదా!"